నీలిపట్టు అంగీ తొడిగిన పిల్లలు

పెరిన్ కోకెల్ పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ మా సేన్-లూ పేటలో, కాలవ గట్టున బట్టలు ఉతికే రేవులో ఆమె పేరు వస్తే ఎవరో ఒకరు "ఆ దొంగ ముసలిదా?" అంటారు. నోటరీ దుక్రోక్ గారింట్లో ఏదో ఎత్తుకొచ్చిందట, వాళ్ళు గెంటేశారట, అందుకే చివరి పద్నాలుగేళ్ళూ ఊరి బయట చిత్తడి తోటల్లో ఉల్లికాడలు పీక్కుంటూ బతికిందట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె పరాయి ఇంట్లోంచి సూది కూడా తెచ్చుకున్న మనిషి కాదు. ఆ ఇంట్లో జరిగింది వేరు. అది కళ్ళారా చూసినవాళ్ళం నలుగురమే. మిగతా ముగ్గురూ పోయారు, నేనొక్కదాన్నే ఉన్నాను.

పెరిన్ మా వీధి మనిషే. మొగుడు మఖమలు నేసేవాడు, ముప్పై నిండకుండానే దగ్గుతో పోయాడు. కూతురు జోస్ చంకలో ఉండగానే పెద్దిళ్ళలో పాలిచ్చే పనికి కుదిరింది. అమియెన్ పట్నంలో ఆరుగురు షావుకార్ల పిల్లలు ఆమె పాలు తాగి పెరిగినవాళ్ళే. ఆమె మొహమంతా మశూచి గుంటలు. వేరే ఆడదానికైతే అది శాపం, పెరిన్‌కి మాత్రం అన్నం పెట్టింది. ఒకసారి వచ్చిపోయినవాళ్ళకి ఆ జబ్బు మళ్ళీ రాదు కదా, ఈమె ఒళ్ళో పిల్ల భద్రంగా ఉంటుందని తల్లులు ఆ గుంటల్ని చూసే పనిలో పెట్టుకునేవాళ్ళు.

పాలు ఎండిపోయాక ఏం చేసి బతకాలా అనుకుంటూ ఉండగా మొస్యో కోర్బియే ఊళ్ళోకి వచ్చాడు. ఆయన పారిస్‌లో బొమ్మలు వేసేవాడు. చలికాలం మా ఊరు వచ్చి, బట్టల సంత పక్కనున్న సత్రంలో మేడమీద గది తీసుకుని, షావుకార్ల పిల్లల బొమ్మలు గీసేవాడు. నూనెరంగులు కావు, పాస్టెల్. సుద్దముక్కల్లాంటి రంగు కడ్డీలు ఉంటాయి, వాటితో నీలం కాగితం మీద గీసి చిటికెనవేలితో రుద్దుతాడు. రుద్దిన చోట నిజం బుగ్గ వచ్చి కూర్చుంటుంది. రంగు ఆరేదాకా ఆగే పని లేదు కాబట్టి చిన్నపిల్లల బొమ్మలకి అదే మేలు. కాకపోతే అదంతా ఉత్త పొడి. చొక్కా చెయ్యి తగిలితే ముక్కు పోతుంది, తుమ్మితే కన్ను పోతుంది. అందుకే పైన అద్దం బిగిస్తారు.

మూడేళ్ళ పిల్ల గంటసేపు కదలకుండా కూర్చోవాలంటే మాటలా? మొదటి ఏడాది మొస్యో కోర్బియే తిట్టాడు, బతిమాలాడు, నోట్లో బార్లీ చక్కెర బిళ్ళ పెట్టాడు. చక్కెర చప్పరిస్తే మూతి వంకర పోతుంది. రెండో ఏడాది ఎవరో పెరిన్ సంగతి చెప్పారు. ఆమె కుర్చీ వెనక నేలమీద కూర్చుని, పిల్ల నడుం మీద ఒక చెయ్యి వేసి, చెవిలో మెల్లగా అడిగేది. "మీ ఇంట్లో మెట్లెన్నిరా కన్నా? కింది నుంచి లెక్కపెట్టు, పైకి చెప్పకు." పిల్ల మనసులో మెట్లెక్కడం మొదలుపెట్టేది. కళ్ళు ఎక్కడో దూరంగా నిలిచిపోయేవి, పెదాలు కొంచెం విచ్చుకునేవి. తల్లులు ఆ బొమ్మ చూసి, "చూశారా, ఎలాంటి దేవదూత చూపో" అని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మా ఊరి గోడలమీద ఉన్న దేవదూతలంతా మెట్లు లెక్కపెడుతున్నవాళ్ళే అని పెరిన్ నాతో చెప్పి నవ్వేది.

ఇంకొకటి నీలిపట్టు అంగీ. అది మొస్యో కోర్బియేది, పారిస్ నుంచి తెచ్చుకున్నాడు. భుజాలు కప్పేంత చిన్నది, మెడ చుట్టూ హంస ఈకల నూగు అంచు. ఆ నీలం మీద మెరుపు ఎలా పడుతుందో ఆయన చేతికి అలవాటైపోయింది, నాలుగు గీతల్లో తెచ్చేవాడు. మొదట ఒక పిల్లకి వేశాడు. ఆ బొమ్మ చూసిన పక్కింటావిడ మా పిల్లకీ అదే కావాలంది. ఇక అంతే. ఇంట్లో పెట్టెల నిండా పట్టు బట్టలున్న తల్లులు కూడా ఆ అద్దె అంగీ కోసమే పట్టుబట్టారు. నాలుగేళ్ళలో ఊళ్ళో పద్నాలుగు గోడలమీద పద్నాలుగు మంది పిల్లలు ఒకటే అంగీ తొడుక్కుని కూర్చున్నారు. పెద్దింటి బుద్ధులు అలాగే ఉంటాయి. ఆ అంగీని తీసుకురావడం, తొడగడం, మడిచి పెట్టడం పెరిన్ పని.

ఇరవై మూడేళ్ళ కిందటి మాట. ఫిబ్రవరి నెల, కాలవ అంచుల్లో ఇంకా మంచు పెళుసుగా ఉంది. ఆ సోమవారం ఎలోవా అనే పిల్లాడు బొమ్మకి కూర్చున్నాడు. బట్టల వర్తకుడి కొడుకు, మూడున్నరేళ్ళవాడు. ఆ రోజు వాడు మెట్లు లెక్కపెట్టనన్నాడు. ఊరికే ఏడుస్తూ, తల వాల్చేస్తూ ఉన్నాడు. ఒళ్ళు వేడిగా ఉంది. గదిలో పొయ్యి రగులుతోంది, దానివల్లే అనుకుంది పెరిన్. చివరికి వాడు హంస నూగులో మూతి పెట్టుకుని, చొంగ కారుస్తూ నిద్రపోయాడు. చేతులూ భుజాలూ గీయడమే మిగిలి ఉండటంతో మొస్యో కోర్బియే ఆ నిద్రలోనే పని పూర్తి చేశాడు.

మంగళవారం ఎవరూ రాలేదు. పెరిన్ తన మనవరాలు నానెత్‌ని వెంట తీసుకెళ్ళింది, ఇంట్లో జోస్ మగ్గం దగ్గర తీరిక లేకుండా ఉందని. నానెత్‌కి మూడేళ్ళు. తల్లి మగ్గం కింద దారప్పోగులు ఏరుకుంటూ పెరిగిన పిల్ల. మొస్యో కోర్బియే చేతిలో పనిలేక, సగం కాగితం మిగిలిపోయి ఉంటే, "పెరిన్, దాన్ని అలా కూర్చోబెట్టు, ఊరికే గీస్తాను" అన్నాడు. ఆయన అంగీ మాట ఎత్తలేదు. పెరినే అడిగింది. "అంగీ తొడగనా అయ్యగారూ?" అని.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చిన తీరు నాకు ఇంకా కళ్ళకి కట్టినట్టుంది. రెండు అరచేతుల మీద ఆ కాగితం పెట్టుకుని, చేతులు చాచి, వీధంతా అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది.

"వంగకే, వంగకు. నీ ఊపిరి తగిలిందంటే పోతుంది," అంది.

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. మా వీధి పిల్ల, సేన్-లూ కాలవ నీళ్ళు తాగే పిల్ల, షావుకారు బిడ్డలా నీలం అంగీలో కూర్చుని ఉంది. కళ్ళు దూరంగా మెట్లెక్కుతున్నాయి. నేత పనివాళ్ళ ఇళ్ళల్లో బొమ్మ గీయించుకున్న పిల్లని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. "అద్దం ఎక్కణ్ణించి తెస్తావు అక్కా?" అని అడిగాను. "అద్దమెందుకు, అల్మరా తలుపుకి లోపలి వైపు అంటిస్తా. పండగనాడు తెరుస్తా," అంది. అంత సంబరంగా ఆమెని నేను మళ్ళీ చూడలేదు.

శనివారం పొద్దున నేను రేవులో ఉన్నాను. పెరిన్ చంకలో మూట పెట్టుకుని వచ్చింది. మిగతా ఆడవాళ్ళు ఎడంగా ఉండటం చూసి నా పక్కన మోకాళ్ళమీద కూర్చుంది.

"క్లోదిన్, ఇది ఉతికి పెట్టాలే. ఇవాళే."

మూట విప్పితే నీలిపట్టు అంగీ. నేను నవ్వాను. "మతి పోయిందా అక్కా? పట్టు ఇది. బూడిద నీళ్ళలో వేస్తే మెరుపు పోయి గోనెపట్టా అవుతుంది. ఆ బొమ్మలాయన మనిద్దరి తోలూ వొలుస్తాడు."

"ఉత్త నీళ్ళతో?"

"ఉత్త నీళ్ళు పడితే మరకలు కడతాయి. ఏం పడిందేంటి దీని మీద?" అంటూ చేతిలోకి తీసుకుని, అంచు దగ్గర ఎండిన చొంగ మరక గోటితో గీకి చూశాను.

"దాన్ని కింద పెట్టవే," అంది పెరిన్. ఆమె గొంతు విని తలెత్తాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎలోవాకి మశూచి. నిన్న మచ్చలు బయటపడ్డాయి. వాళ్ళ వంటమనిషి ఇప్పుడే చెప్పింది."

అంగీ నా చేతిలోంచి బండ మీద పడింది. నాకు చిన్నప్పుడే ఆ జబ్బు వచ్చిపోయింది, నా ప్రాణానికేం భయం లేదు. అయినా పక్కనున్న బూడిద నీళ్ళ బానలో మోచేతులదాకా ముంచాను. చర్మం భగ్గుమంది. నేను పదకొండు ఇళ్ళకి బట్టలు ఉతుకుతాను. మశూచి ఇంటి బట్ట ముట్టుకున్నానని ఒక్కరికి తెలిస్తే పదకొండు ఇళ్ళూ ఆ పూటే నన్ను మాన్పిస్తాయి. ముందు ఆ ఆలోచనే వచ్చింది నాకు. అబద్ధం చెప్పి ప్రయోజనం ఏముంది?

"నానెత్?" అన్నాను, ఆ తర్వాత.

"మంగళవారం తొడిగాను. నా చేత్తోనే." ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది. "ఆయన అడగలేదే. నేనే అడిగి తొడిగాను."

రెండు ఆదివారాలు దాటితే గండం గడిచినట్టని మా పేటలో లెక్క. ఒక్క ఆదివారం కూడా ఇంకా రాలేదు.

"సోమవారం దుక్రోక్ గారి పాప కూర్చుంటుంది," అంది పెరిన్. "సెలెస్త్. నాలుగేళ్ళు. అమ్మగారికి చెప్పెయ్యనా?"

ఇక్కడ నేనన్న మాటలు ఒక్క అక్షరం మార్చకుండా చెబుతున్నాను. "ఏమని చెప్తావు? ఊళ్ళో ఇంటింటికీ మశూచి మోసుకెళ్ళింది నేనే అని చెప్తావా? నీ అల్లుడు నేసిన మఖమలు ఎవడు కొంటాడు? నానెత్ మీద అనుమానం ఉందంటే తలుపుకి మేకులు కొడతారు. పిల్ల బాగున్నా లోపల ఆకలితో చస్తుంది. నోరు మూసుకుని దీనికి పొగ వెయ్యి. జూనిపర్ కొమ్మలు కాల్చి, పళ్ళెంలో వెనిగర్ మరిగించి రాత్రంతా దాని పైన వేలాడదియ్యి. పోతుంది."

"పోతుందంటావా?"

"పోతుంది," అన్నాను. నాకేం తెలుసు? "ఇంకో మాట అక్కా. ఇది నా దగ్గరికి తెచ్చావని మాత్రం ఎవరితోనూ అనకు."

ఆమె తల ఊపింది. మూట కట్టుకుని వెళ్ళిపోయింది. నేను బండమీద ఆ అంగీ పడిన చోట మూడుసార్లు నీళ్ళు పోసి కడిగాను.

ఆదివారం పూజ అయ్యాక పెరిన్ మొస్యో కోర్బియేని పట్టుకుని విషయం చెప్పింది. ఆయన కొట్టిపారేశాడు. మశూచి చిత్తడి నేలల గాలిలోంచి వస్తుందట, పెద్ద పెద్ద వైద్యులే రాశారట, బట్టకి ఎక్కడైనా జ్వరం వస్తుందా అన్నాడట. అంత ధీమాగా చెప్పినవాడు అంగీని చేత్తో ముట్టుకోలేదు, కర్రతో తోసి సంచీలో వేయించాడు. అది చూశాక పెరిన్‌కి ఆయన ధీమా సంగతి అర్థమైపోయింది.

సోమవారం మదాం దుక్రోక్ పాపని తీసుకుని వచ్చింది. సెలెస్త్ తెల్లగౌను వేసుకుని, మెడలో గులాబి రంగు రిబ్బను కట్టుకుని ఉంది. మెట్లు లెక్కపెట్టమంటే, "పైకి వెళ్ళేటప్పుడా, దిగేటప్పుడా?" అని అడిగిన పిల్ల. పెరిన్ తనకి చేతనైన ప్రయత్నం చేసింది. "అమ్మగారూ, ఈ తెల్లగౌనులో పాప ముచ్చటగా ఉంది. నీలం ఎందుకు, ఇలాగే గీయమందాం," అంది.

"అదేంటి పెరిన్? అందరి పిల్లలకీ నీలం వేసి నా పిల్లకి ఇంట్లో గౌనా? రేపు మా ఆడపడుచు వచ్చి చూస్తే ఏమంటుంది, అంగీ అద్దెకి కూడా దిక్కులేదా అనదూ? తొడుగు."

"కొంచెం పాతబడిపోయిందమ్మగారూ."

"మొన్నటిదాకా లేని పాతదనం ఇవాళ వచ్చిందా? తొడుగు తొడుగు, వెలుతురు పోతుంది."

ఆ ఒక్క నిమిషంలో ఆమె నోటి చివరిదాకా మాట వచ్చిందట. నాలుక మీద ఉప్పులా తగిలిందని నాతో చెప్పింది. తలుపుకి మేకులు కొడుతున్న చప్పుడు వినబడిందట, లోపల్నించి నానెత్ పిలుస్తున్నట్టు. మాట మింగేసి అంగీ తొడిగి, మెడ దగ్గర ముడి తనే వేసింది. పాప ముక్కు ముడిచి, "వెనిగర్ వాసనొస్తోంది," అంది. అందరూ నవ్వారు. ఆ రోజు మొస్యో కోర్బియే మొహం గీయడం పూర్తిచేశాడు.

సాయంత్రం పెరిన్ తిన్నగా మా ఇంటికి వచ్చి, నేను బట్టలు ఉడకబెట్టే పొయ్యిలోకి ఆ అంగీని తోసేసింది. నూగు చిటపటమంటూ కాలింది. అంగీ కాలవలో పడి కొట్టుకుపోయిందని మొస్యోకి చెప్పుకున్నాం, ఆయన పెద్దగా ఏమీ అనలేదు. రెండు రోజుల ముందు నా రేవు బండమీద ఉన్నప్పుడే ఆ పని చేసి ఉంటే సరిపోయేది. పొయ్యి అప్పుడూ నాదే, మంట అప్పుడూ ఉంది. మా ఇద్దరికీ తోచలేదు. ఖరీదైన పట్టు బట్టని కాల్చెయ్యడమనే ఆలోచనే మాలాంటివాళ్ళ బుర్రలోకి అంత తొందరగా రాదు.

ఇక లెక్కపెట్టడం పెరిన్ వంతయింది. రోజూ తెల్లారగానే నానెత్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నాలుక చూసేది, చెవుల వెనక చూసేది, పొట్ట దగ్గర దీపం పెట్టి చూసేది. పిల్ల దగ్గితే ఈమె చేతిలో ఉన్నది కింద పడేది. జోస్‌కి చెప్పలేదు. అల్లుడికి చెప్పలేదు. ఈ అత్తకి ముసలితనంలో చాదస్తం ముదిరిందని వాళ్ళు నవ్వుకున్నారు. అల్మరా తలుపు తెరవడానికి కూడా ఆమెకి భయమే. బొమ్మలో బుగ్గ మీద పొడి కొంచెం రాలినా ఇక్కడ పిల్లకి ఏదో అవుతుందని ఆమె మనసులో పడిపోయింది. ఒట్టి పిచ్చి అని నేను కసిరాను. కసిరి, నేను కూడా ఆ తలుపు జోలికి పోలేదు.

మొదటి ఆదివారం గడిచింది, రెండోది గడిచింది. నానెత్ వీధిలో పందిపిల్లల వెంట పరిగెడుతూనే ఉంది. పెరిన్ మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూలబడి, నేను పెట్టిన ఉల్లికాడల రొట్టె మొత్తం తినేసింది. వారం పైబడ్డాక కడుపునిండా తిండి. అలా తింటూ తింటూ ఆగిపోయింది.

"ఇంకో పాపకి ఇంకా ఆరు రోజులున్నాయే," అంది.

మీకు నిజం చెప్పాలి. మాకు సెలెస్త్ గుర్తే లేదని కాదు. మా పిల్ల బాగుంటే ఆ పిల్లా బాగుంటుందని అనుకున్నాం. ఒకే అంగీ కదా, నానెత్‌కి ఏమీ చెయ్యనిది ఆ పాపకేం చేస్తుందని మాకు మేమే చెప్పుకున్నాం. పెరిన్ రోజూ దుక్రోక్ గారి వీధి చివరిదాకా వెళ్ళి, పై అంతస్తు కిటికీ తెరిచి ఉందో లేదో చూసి వచ్చేది. తెరిచి ఉంటే పిల్ల బాగున్నట్టు. శుక్రవారందాకా తెరిచే ఉంది. శనివారం మూసేసి ఉంది.

వైద్యుడు మొదట జలుబు జ్వరమన్నాడు. మంగళవారానికి పాప పొట్ట మీద ద్రాక్షసారా ఒలికినట్టు ఎర్రటి మరకలు వచ్చాయి. ఇది లోపలికి తిరిగిన మశూచి, మచ్చలు పైకి రావు అన్నాడు. బుధవారం పొద్దున కోడి కూసేటప్పటికి పోయింది. మొహం మీద ఒక్క గుంట లేకుండా పోయింది.

ఆ పొద్దున్నే మదాం దుక్రోక్ ముగ్గురికి కబురు పెట్టింది. శవానికి కప్పడానికి ఉతికిన దుప్పట్లు తెమ్మని నాకు. బొమ్మ పూర్తి చెయ్యమని మొస్యో కోర్బియేకి. పాపని కూర్చోబెట్టమని పెరిన్‌కి.

దారిలో పెరిన్ నాతో ఒక్క మాటే అంది. "నేను చెప్పేస్తానే." నేను దుప్పట్ల మూట ఇంకో చంకలోకి మార్చుకుని నడిచాను.

గదిలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. కాలిన ఇనప గరిట మీద వెనిగర్ పోస్తూ వచ్చారు కాబోలు, గొంతు మండుతోంది. ఇంటి పనివాళ్ళు ఒక్కరూ లోపలికి అడుగు పెట్టలేదు. నోటరీగారు అప్పటికే జ్వరంతో ఇంకో గదిలో పడుకుని ఉన్నారు. మొస్యో కోర్బియే గోడకి ఆనుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, బొమ్మ నిలబెట్టే చట్రాన్ని ఎంత దూరం లాగగలడో అంత దూరం లాగి పెట్టుకున్నాడు. కాగితం మీద సెలెస్త్ మొహం సిద్ధంగా ఉంది, రెండు వారాల కిందటి మొహం. అంగీ ఆయనకి చూడకుండానే వచ్చు; మెడ, జుట్టు, భుజాల వాలు, చేతులు గీయాలి. నేను గుమ్మం దాటలేదు. దుప్పట్లు గుండెకి హత్తుకుని అక్కడే నిలబడ్డాను.

పెరిన్ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఈసారి వెనక నేలమీద కూర్చుంటే సరిపోదు. పాపని ఒళ్ళోకి తీసుకుని, నడుం చుట్టూ చెయ్యి వేసి, తల తన భుజానికి ఆనించి నిలబెట్టింది. మదాం దుక్రోక్ పాప జుట్టు దువ్వింది. దువ్వి, ఒక్కసారిగా మోకాళ్ళమీద కూలబడి పెరిన్ చేతులు ముద్దు పెట్టుకుంది.

"నా కూతుర్ని ముట్టుకోవడానికి ఎవరూ రాలేదు పెరిన్. దాని మేనత్త కూడా రాలేదు. నువ్వొక్కదానివే వచ్చావు."

పెరిన్ కళ్ళు మూసుకుంది. "అమ్మగారూ, ఈ చేతులు ముద్దుపెట్టుకోకండి. ఆ నీలం అంగీలో మశూచి ఉంది. పాపకంటే ముందు అది తొడుక్కున్న పిల్లాడికి వచ్చింది. నాకు తెలుసు. తెలిసే తొడిగాను."

మొస్యో కోర్బియే చేతిలో రంగు కడ్డీ విరిగింది. ఇప్పుడు ఈవిడ అరుస్తుంది, జనం వస్తారు, పెరిన్‌ని కొడతారు, ఆ తర్వాత నా దగ్గరికి వస్తారు అనుకున్నాను.

మదాం దుక్రోక్ లేచి నిలబడింది. పెరిన్ మొహంలోకి ఎంతసేపు చూసిందో చెప్పలేను. తర్వాత కిటికీ వైపు చూసింది. ఫిబ్రవరి పోయి మార్చి వచ్చినా మా ఊళ్ళో మధ్యాహ్నం మూడు దాటితే వెలుతురు సన్నబడుతుంది.

"దాని తల కొంచెం పైకెత్తు," అంది. "వెలుతురు ఉన్నంతసేపే ఉంది. మొస్యో, కానివ్వండి."

అలా నాలుగు గంటలు, వెలుతురు సన్నబడేదాకా. మొస్యో కోర్బియే గీశాడు, వేలితో రుద్దాడు, మళ్ళీ గీశాడు. మదాం ఆయన వెనక నిలబడి, "భుజం అంత వంగి ఉండదు దానికి" అనో, "చిటికెనవేలు ఇంకా చిన్నది" అనో చెబుతూ ఉంది. పెరిన్ చెయ్యి తిమ్మిరెక్కితే రెండో చెయ్యి ఆసరా పెట్టుకుంది. పాపని ఒక్కసారి కూడా కదలనివ్వలేదు. ఆమె కళ్ళ వెంబడి నీళ్ళు కారి పాప జుట్టులో పడుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పని ఎప్పటికీ అయిపోకూడదని నేను లోపల్లోపల దేవుణ్ణి వేడుకున్నాను. అయిపోతే ఏం జరుగుతుందో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

అయిపోయింది. మొస్యో కోర్బియే కడ్డీలు సర్దుకుని గోడవారగా నిలబడ్డాడు. మదాం పెరిన్ ఒళ్ళోంచి కూతుర్ని తీసుకుని మంచం మీద పడుకోబెట్టింది. వెనక్కి తిరిగి, ఒక కుర్చీ లాక్కుని పెరిన్ ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. మొదట్నించి చెప్పు."

పెరిన్ చెప్పింది. ఎలోవా ఒళ్ళు వేడిగా ఉండటం, నానెత్‌కి తనే అడిగి తొడగటం, శనివారం వంటమనిషి ద్వారా తెలియటం, ఆదివారం మొస్యోతో చెప్పటం, పొగ వెయ్యటం అన్నీ చెప్పింది. సోమవారం తెల్లగౌను చాలని తను అన్న సంగతి మాత్రం వదిలేసింది. దాన్ని మదామే అందుకుంది.

"తెల్లగౌను చాలన్నావు. నేనే నీలం కావాలన్నాను," అంది. గొంతులో ఏ మార్పూ లేదు. "శనివారం తెలిసింది కదా. ఇంకెవరితోనైనా అన్నావా? ఎవరికైనా చూపించావా? నోరు మూసుకోమని నీకెవరైనా చెప్పారా?"

పెరిన్ నా వైపు చూడలేదు. "లేదమ్మగారూ. ఎవరికీ తెలియదు. నేనొక్కదాన్నే," అంది.

నేను గుమ్మంలోనే ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. మదాం దుక్రోక్ తల తిప్పి నన్ను చూసింది, ఇప్పుడే గుర్తొచ్చినట్టు.

"క్లోదిన్, ఆ దుప్పటి ఇలా ఇవ్వు."

వెళ్ళి ఇచ్చాను. శుభ్రంగా ఉతికావంది. పెరిన్‌ని మాత్రం మళ్ళీ ఆ గుమ్మం తొక్కవద్దంది, ఎందుకో ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, దొంగతనం మాట ఊరే కల్పించుకుంది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు, ఆవిడ పోయేదాకా, ఆ ఇంటి బట్టలు నేనే ఉతికాను.